చెవి మిషను పెట్టాక కూడా బిడ్డ మన ముఖం చూడకపోతే



మన ఆసుపత్రిలో చెవి, ముక్కు, గొంతు ఓపీ పక్కన మందమైన తలుపు ఉన్న చిన్న గదిని మీలో చాలామంది చూసే ఉంటారు. దాని గోడలకు మెత్తటి పలకలు అతికించి ఉంటాయి. వరండాలో ఎంత గోలగా ఉన్నా ఆ చప్పుడు లోపలికి రాదు. పిల్లలకు, పెద్దలకు వినికిడి పరీక్షలు అక్కడే చేస్తారు. పరీక్ష చేసే ఆమెను అందరూ 'చెవి డాక్టరమ్మ' అంటారు గానీ ఆమె డాక్టరు కాదు, ఆడియాలజిస్టు. ఎంత వినిపిస్తుందో కొలవడం, తగిన మిషను ఎంచి అమర్చడం, ఆ తర్వాత ఏళ్ల తరబడి దాన్ని సరిచూస్తూ ఉండడం ఆమె పని. ఆ గదిలో ఆమె కంటపడే మరో సంగతి గురించి ఈసారి రాస్తున్నాను. నా పొరపాటు ఒకటి ఇందులో ఉంది కాబట్టి ముందు అదే చెబుతాను.

నాలుగైదేళ్ల కిందట రెండున్నరేళ్ల బాబును ఒక తల్లి తీసుకొచ్చింది. నెలలు తక్కువై పుట్టిన బిడ్డ. పుట్టగానే పచ్చకామెర్లు వచ్చి కొన్నాళ్లు గాజుపెట్టెలో ఉన్నాడు. పిలిస్తే పలకడు, ఒక్క మాట రాలేదు. ఇంట్లో నాయనమ్మ వస పోసింది. మగపిల్లలకు మాటలు ఆలస్యమేనని, వాళ్ల నాన్నకూ నాలుగేళ్లకు గానీ రాలేదని చెప్పి ఏడాది గడిపించింది. పరీక్ష చేస్తే రెండు చెవులకూ తీవ్రమైన వినికిడి లోపం ఉందని తేలింది. మిషన్లు పెట్టారు, మాటలు నేర్పే శిక్షణ మొదలైంది. ఆరు నెలలయ్యాక కుక్కరు విజిల్ వేస్తే ఉలిక్కిపడేవాడు, లారీ హారన్‌కు తల తిప్పేవాడు. అంటే మిషను పని చేస్తోంది. కానీ తల్లి పిలిస్తే మాత్రం తిరగడు.

ఆ తల్లి ఒకరోజు నా గదికి వచ్చి అడిగింది: "సిస్టరమ్మా, వాడు నన్ను చూడడేంటమ్మా?"

నేనేమన్నానో నాకు బాగా గుర్తుంది. "మూడేళ్లుగా చప్పుడు తెలియని పిల్లాడు తల్లీ. చెవుడున్న పిల్లలు అలాగే ఉంటారు. ఓపిక పట్టు, మెల్లగా అన్నీ వస్తాయి" అన్నాను. ధైర్యం చెప్పానని అనుకున్నాను. ఆమె నాకొక లక్షణం చెబితే, దాన్ని పక్కన పెట్టి ఆమెను ఇంటికి పంపానని తర్వాత తెలిసింది.

ఆ సంగతి పట్టుకున్నది ఆడియాలజిస్టు. పిల్లలు ఎదిగేకొద్దీ చెవి పెద్దదవుతుంది, పాత అచ్చు వదులై మిషను కూతపెడుతుంది. అందుకే చిన్నపిల్లలకు కొన్ని నెలలకోసారి చెవి అచ్చు మారుస్తారు. చెవిలో దూది పెట్టి, పిండి ముద్దలాంటి పదార్థం నింపి, గట్టిపడేదాకా ఆగాలి. ఆ కాసేపు చెవుడున్న పిల్లలు ఏం చేస్తారో ఆమెకు వందల మందిని చూసిన అనుభవం. బెదిరి తల్లి ముఖం చూస్తారు, ఈమె ముఖం చూస్తారు, మళ్లీ తల్లి ముఖం చూస్తారు. వినపడని బిడ్డకు ముఖమే ఆధారం కదా. ఈ బాబు ఆ కాసేపూ బొమ్మకారు చక్రం ఒక్కటే తిప్పుకుంటూ కూర్చున్నాడు, ఒక్కసారీ ఎవరివైపూ చూడలేదు. పని అయ్యాక ఆమె సబ్బు బుడగలు ఊది, సీసా మూత బిగించి వాడి చేతికిచ్చింది. ఇంకా కావాలంటే పిల్లలు సీసా చాచి మన కళ్లలోకి చూస్తారు. ఈ బాబు ఆమె చెయ్యి పట్టుకుని, గరిట పట్టుకున్నట్టు పట్టుకుని, మూత మీద పెట్టాడు. ముఖం చూడలేదు.

ఇదివరకటి రెండుసార్లు కూడా ఇలాంటివే ఆమె ఫైలులో రాసి పెట్టుకుంది. ఆ రోజు పిల్లల డాక్టరుగారికి ఉత్తరం రాసిచ్చింది, ఆటిజం కోసం కూడా చూడమని. తండ్రికి కోపం వచ్చింది. "చెవి చూడమంటే మెదడు చూస్తానంటుందేంటి ఆవిడ?" అన్నాడు. తల్లి నా గదిలో కూర్చుని ఏడ్చింది. "ఒక కష్టం చాలదా సిస్టరమ్మా?" అంది. నా దగ్గర జవాబు లేదు.

ఆటిజం అంటే ఏమిటో రెండు మాటల్లో చెబుతాను. అది మెదడు ఎదుగుదలలో పుట్టుకతో వచ్చే తేడా. మనుషులతో మెలగడం, మనసులో ఉన్నది తెలియజేయడం ఆ పిల్లలకు కష్టం. చేసిన పనే మళ్లీ మళ్లీ చేస్తారు. కొన్ని చప్పుళ్లు, వెలుగులు, బట్టల ఒరిపిడి భరించలేరు. తల్లి పెంపకం వల్ల రాదు. టీకాల వల్లా రాదు. దానికి భయపడి 2017 ఆగస్టులో మన రెండు రాష్ట్రాల్లో మీజిల్స్-రుబెల్లా టీకా వేసినప్పుడు కొందరు పిల్లల్ని దాచారు. నిజానికి గర్భిణికి రుబెల్లా సోకితే బిడ్డకు చెవుడు రావచ్చు. అలా పుట్టిన 243 మంది పిల్లల్ని స్టెల్లా చెస్ అనే డాక్టరు న్యూయార్కులో పరిశీలించి, వారిలో ఆటిజం మామూలు కంటే చాలా ఎక్కువగా ఉందని 1971లో ప్రకటించారు. ఆ రుబెల్లాను ఆపేది ఆ టీకాయే.

చెవుడుకూ ఆటిజానికీ మధ్య తికమక ఈనాటిది కాదు. 1943లో అమెరికాలో లియో కానర్ అనే పిల్లల మానసిక వైద్యుడు 11 మంది పిల్లల గురించి రాసిన వ్యాసంతోనే ఆటిజానికి వైద్యంలో ఒక చోటు దొరికింది. ఆ పదకొండు మందిలో ఒక మూడేళ్ల బాబును తల్లిదండ్రులు తెచ్చింది చెవుడనే. మాట్లాడడు, అడిగితే పలకడు కాబట్టి అలా అనుకున్నారు. ఇప్పటికీ మన ఓపీలో ఆటిజం ఉన్న బిడ్డ మొదట వచ్చేది చెవి పరీక్షకే. 16 నుంచి 30 నెలల పిల్లల్లో ఆటిజం అనుమానం ఉందేమో చూడడానికి వాడే ఎం-చాట్ అనే ప్రశ్నావళిలో 20 ప్రశ్నలుంటాయి. అందులో రెండో ప్రశ్న, బిడ్డకు చెవుడేమోనన్న అనుమానం మీకెప్పుడైనా వచ్చిందా అని.

చెవులు బాగా ఉండి ఆటిజం ఉన్న బిడ్డ విషయం కొంత తేలిక. చెవి పరీక్ష బాగుందంటే డాక్టరు వెంటనే మరో కారణం వెతుకుతారు. చిక్కంతా రెండూ ఉన్న బిడ్డతోనే. చెవి పరీక్షలో లోపం కనపడగానే అందరికీ జవాబు దొరికిపోతుంది. మాటలు లేవా, చెవుడు. పిలిస్తే పలకడా, చెవుడు. తోటి పిల్లలతో ఆడడా, చెవుడే. వెతకడం అక్కడితో ఆగిపోతుంది. నేను ఆ తల్లికి చేసిందీ అదే. నేను చదివింది జనరల్ నర్సింగ్ డిప్లొమా. ఆ రోజుల్లో మా పాఠాల్లో ఆటిజం గురించి ఒక పేరా ఉండేదేమో. అది సాకుగా చెప్పడం లేదు, మీలో కొందరు కూడా ఇదే మాట మరో తల్లికి చెప్పి ఉంటారని చెబుతున్నాను.

అమెరికాలో బధిరుల కోసం ఉన్న గాలోడెట్ విశ్వవిద్యాలయం వారు 2009-10లో వినికిడి లోపం ఉన్న పిల్లల వివరాలు సేకరించారు. ఎనిమిదేళ్ల వయసు వారిలో 59 మందిలో ఒకరు ఆటిజానికి కూడా సేవలు పొందుతున్నట్టు తేలింది. అప్పట్లో ఆ దేశంలో పిల్లలందరినీ కలిపి వేసిన లెక్క కంటే అది ఎక్కువ. నెలలు తక్కువై పుట్టడం, గర్భంలో సోకిన జబ్బులు వంటివి రెండింటికీ దారితీయగలవు కాబట్టి ఇందులో వింత లేదు.

మరి వినపడని బిడ్డలో ఆటిజం ఉందని ఎలా కనిపెట్టాలి? చెవుడు దేనికి కారణం కాగలదో, దేనికి కాలేదో తెలిస్తే సగం పని అయినట్టే.

అన్నం తినిపించేటప్పుడు మనం బిడ్డకు చందమామను చూపిస్తాం. ఏడాది దాటిన బిడ్డ మన వేలు వెంట చూస్తుంది, చందమామను చూస్తుంది, మళ్లీ మన ముఖం చూసి నవ్వుతుంది. కొన్నాళ్లకు తానే వేలెత్తి కుక్కనో విమానాన్నో చూపిస్తుంది. కావాలని కాదు, 'నువ్వూ చూడు' అని. ఇందులో చెవికి పనేమీ లేదు. పుట్టు చెవుడున్న పిల్లలు కూడా ఇదంతా చేస్తారు, మిగతా పిల్లల కంటే ఉత్సాహంగానే చేస్తారు. ఏం కావాలో చేతులతో, కళ్లతో, ముఖంతో చెబుతారు. అమ్మ కోపంగా ఉందో, నవ్వుతోందో గదికి అవతల నుంచే పసిగడతారు. భుజం తడితే తిరిగి చూస్తారు. దాగుడుమూతలు ఆడతారు. బొమ్మకు అన్నం పెడతారు, పడుకోబెడతారు. ఎవరూ చూడకపోతే చూసేదాకా కొంగు లాగుతారు.

చెవుడు మాటను ఆపుతుంది, వేలిని ఆపదు. మీ బిడ్డకు చెవుడుండి, ఏడాదిన్నర దాటినా వేలు పెట్టి చూపించకపోతే, భుజం తట్టినా ముఖం చూడకపోతే, మీ చెయ్యిని పనిముట్టులా వాడుకుంటూ ఉంటే, బొమ్మతో ఆడకుండా దాని ఒక భాగాన్నే తిప్పుతూ కూర్చుంటే, వచ్చిన చేసైగలు, చిన్న చిన్న పలుకులు పోతే, ఆ సంగతి ఆడియాలజిస్టుకు తప్పక చెప్పండి. వీటిలో ఏ ఒక్కటో ఉన్నంత మాత్రాన ఆటిజం అని కాదు. మిషను పెట్టిన కొత్తలో బిడ్డ చిరాకుగా, ముడుచుకుని ఉండడం మామూలే. నెలలు గడిచినా మారకపోతేనే ఆలోచించాలి.

ఆడియాలజిస్టుకే ఎందుకు చెప్పాలి? డాక్టరుగారి ఓపీలో బిడ్డకు దొరికేది పది నిమిషాలు. ఆడియాలజిస్టు అదే బిడ్డను అచ్చు కోసం, మిషను సెట్టింగు కోసం, కాక్లియర్ ఇంప్లాంటు ఆపరేషన్ అయితే దాని మ్యాపింగు కోసం రెండేళ్లలో ఎన్నోసార్లు చూస్తుంది. పైగా తల్లి ఒళ్లో కూర్చుని ఉండగా చూస్తుంది. చప్పుడు వచ్చిన వైపు తిరిగితే దీపం వెలిగి బొమ్మ ఆడే పరీక్ష ఒకటుంది. చెవుడున్నా వినగలిగినంత చప్పుడు పెట్టినప్పుడు పిల్లలు తిరుగుతారు, బొమ్మను చూసి మురిసి, అమ్మకూ చూపిస్తారు. ఆటిజం ఉన్న బిడ్డ ఒకసారి తిరిగి రెండోసారి తిరగకపోవచ్చు, బొమ్మను వదిలి దీపాన్నే చూస్తూ ఉండిపోవచ్చు, హెడ్‌ఫోను తల మీద పెట్టనివ్వకపోవచ్చు. అచ్చు పెట్టేటప్పుడు ప్రతి పిల్లా ఏడుస్తుంది. తల్లి ఎత్తుకుంటే ఊరుకునే ఏడుపు ఏదో, ఎత్తుకున్నా తేడా తెలియని ఏడుపు ఏదో ఆమెకు తెలుస్తుంది.

బిడ్డ సహకారం అవసరం లేని పరీక్షలు కూడా ఉన్నాయి. ఓఏఈ పరీక్ష లోపలి చెవి పనిని చూస్తుంది. బేరా పరీక్ష చెవి నుంచి మెదడు కాండం దాకా చప్పుడు చేరుతోందా లేదా చూస్తుంది. కొందరు పిల్లల్లో, ముఖ్యంగా నెలలు తక్కువైన వారిలో, తీవ్రమైన కామెర్లు వచ్చిన వారిలో, ఓఏఈ బాగుండి బేరా బాగుండదు. చెవి వింటుంది, నరం సరిగా మోయదు. అలాంటి బిడ్డ ఒకరోజు వింటాడు, మరోరోజు వినడు, చూసేవాళ్లు ఆటిజం అనుకుంటారు. అందుకే ఒక్క ఓఏఈ చూసి చెవులు బాగున్నాయని, మిగతాది ఆటిజమేనని ఎవరైనా చెబితే, బేరా కూడా చేయించండి. బేరాకు బిడ్డ నిద్రపోవాలి. తెల్లవారుజామునే లేపి, బస్సులో కునుకు తీయనివ్వకుండా తీసుకురండి. తలంటి తీసుకురండి గానీ నూనె రాయకండి, నూనె ఉంటే తీగల బిళ్లలు అంటుకోవు. ఈ మాట నేను ఎన్నిసార్లు చెప్పినా నూనె కారే తలలే వస్తుంటాయి!

ఆటిజం ఉందని నిర్ధారించేది మాత్రం ఆడియాలజిస్టు కాదు. అనుమానాన్ని గుర్తించి సరైన చోటికి పంపడం వరకే ఆమె పని. పిల్లల డాక్టరు, సైకాలజిస్టు కలిసి చూసి చెబుతారు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా ఆసుపత్రుల్లో బాలల సత్వర చికిత్సా కేంద్రాలు పెట్టారు. వినికిడి లోపం, ఆటిజం రెండూ అక్కడ చూడవలసిన వాటి జాబితాలోనే ఉన్నాయి. సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లో ఉన్న జాతీయ సంస్థ కూడా మనకు దగ్గరే. మన దేశంలో ఆటిజం కొలవడానికి వాడే 40 అంశాల 'ఇసా' కొలమానం తయారైంది అక్కడే.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. ఆటిజం ప్రశ్నావళుల్లో పేరు పిలిస్తే పలకడం, చెప్పింది అర్థం చేసుకోవడం వంటి ప్రశ్నలు చాలానే ఉంటాయి. చెవుడున్న బిడ్డకు అవన్నీ తప్పులుగానే పడతాయి. అందుకని ఆటిజం పరీక్షకు వెళ్లేటప్పుడు వినికిడి రిపోర్టులన్నీ పట్టుకెళ్లండి. మిషను పెట్టుకుని, కొత్త బ్యాటరీ వేసుకుని వెళ్లండి. చచ్చిన బ్యాటరీతో వెళ్లి ఆటిజం అని రాయించుకుని వచ్చిన బిడ్డను కూడా నేను చూశాను. మిషను ఎంతవరకు పని చేస్తోందో ఆడియాలజిస్టు ఒక కాగితం మీద రాసిస్తే అవతలివారికి పని సులువవుతుంది.

రెండూ ఉన్నాయని తెలిస్తే ఏం ఒరుగుతుంది, బాధ తప్ప? ఆ తండ్రి అడిగింది ఇదే. ఒరిగేది చాలా ఉంది. మొదట మిషను సంగతి. ఆటిజం ఉన్న బిడ్డకు చెవిలో ఆ అచ్చు ముల్లులా ఉండొచ్చు. విసిరేస్తే మొండితనమని కొట్టేవారున్నారు. కారణం తెలిస్తే మొదట అచ్చు ఒక్కటే, అయిదు నిమిషాలు, వాడికి ఇష్టమైన ఆట ఆడేటప్పుడు పెడతారు. తర్వాత పది నిమిషాలు. పెద్ద చప్పుళ్లు మరీ పెద్దగా రాకుండా ఆడియాలజిస్టు మిషనును సరిచేస్తుంది. మన గుడిలో లౌడుస్పీకరు పక్కనే కూర్చోబెట్టి, బిడ్డ చెవులు మూసుకుని అరుస్తుంటే కళ్లెర్రజేసే పెద్దలు కూడా ఇది చదువుతారని ఆశ. వెనక బెంచీలో, స్పీకరుకు దూరంగా వాళ్లకు చోటివ్వండి.

నేర్పే పద్ధతీ మారుతుంది. మాట ఒక్కటే పట్టుకోకుండా బొమ్మల కార్డులు, సైగలు కలిపి నేర్పుతారు. సైగలు నేర్పితే మాటలు రావని మన ఇళ్లల్లో ఒక భయం ఉంది. అది నిజం కాదు. సైగల్లో కూడా ఈ పిల్లల తేడా కనిపిస్తుంది. బధిర తల్లిదండ్రుల దగ్గర సైగభాష నేర్చుకున్న ఆటిజం పిల్లలు కొందరు అరచేయి తమవైపు తిప్పి సైగ చేస్తారని షీల్డ్, మేయర్ అనే అమెరికా పరిశోధకులు 2012లో చూపించారు. ఎదుటివారి చెయ్యి తమకు ఎలా కనిపించిందో అలాగే చేస్తారన్నమాట. మీ బిడ్డ టాటా చెప్పేటప్పుడు అరచేయి ఎటు ఉందో ఒకసారి చూడండి. చిన్నపిల్లలు కొన్నాళ్లు అలా చేయడం మామూలే, అలాగే నిలిచిపోతే చెప్పండి.

కాక్లియర్ ఇంప్లాంటు ఆపరేషన్ ఆలోచిస్తున్న కుటుంబాలకు ఇది మరీ ముఖ్యం. ఆటిజం ఉందని ఆపరేషన్ కాదనరు. చప్పుడు తెలియడం వల్ల ఆ బిడ్డకూ మేలుంటుంది. అయితే పక్కింటి పిల్ల ఏడాదిలో మాట్లాడింది కాబట్టి మనవాడూ మాట్లాడాలని ఎదురుచూసి, మాటలు రాకపోతే మిషనునో థెరపిస్టునో తిట్టుకుని మధ్యలో మానేసిన వారున్నారు. ముందే తెలిస్తే వేరేగా ఆశపడేవారు.

కాగితాల సంగతి కూడా. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో వినికిడి లోపం, ఆటిజం రెండూ ఉన్నాయి. అయితే నేషనల్ ట్రస్టు వారి నిరామయ ఆరోగ్య బీమా, ఏడాదికి లక్ష రూపాయల దాకా ఇచ్చేది, ఒక్క చెవుడుకు వర్తించదు. ఆటిజానికి వర్తిస్తుంది. థెరపీ ఖర్చులు కూడా అందులో వస్తాయి. రెండో పేరు రాయించుకోవడం అవమానమని సర్టిఫికెట్‌లో చెవుడు ఒక్కటే రాయించుకున్న కుటుంబాలకు ఈ మాట చెబుతున్నాను.

ఆ బాబు సంగతి అడుగుతారు కదా. పిల్లల డాక్టరు, సైకాలజిస్టు మూడుసార్లు చూసి ఆటిజం ఉందనే చెప్పారు. ఇప్పుడు బడికి వెళ్తున్నాడు. మాటలు పది దాకా వచ్చాయి, సైగలు అంతకంటే చాలా ఎక్కువ. మిషను ఉదయం నుంచి సాయంత్రం దాకా ఉంచుకుంటాడు. కిందటి నెల అచ్చు మార్చడానికి వచ్చినప్పుడు వరండాలో పావురం వాలితే వేలు పెట్టి చూపించాడు, వాళ్లమ్మ ముఖం చూశాడు. ఆమె నా గదిలోకి పరుగెత్తుకుంటూ వచ్చి చెప్పింది. నేను వెళ్లేసరికి పావురం ఎగిరిపోయింది.

ఇంట్లో బిడ్డ ఎలా ఆడుతున్నాడో, ఎలా అడుగుతున్నాడో రెండు నిమిషాలు ఫోనులో వీడియో తీసి తీసుకురండి, ఆసుపత్రిలో బెదిరి చేయనివి అందులో కనిపిస్తాయి. పిల్లవాడు అందరికంటే ఎక్కువసేపు ఎవరి దగ్గర ఉంటాడో, నాయనమ్మైనా అమ్మమ్మైనా, వారిని కూడా వెంటబెట్టుకు రండి. గదిలో ఇద్దరికి చోటుంది.